అమెరికాలో గెలుపు ప్రకటించేది టీవీ ఛానెళ్ళేనా? ఎలక్షన్ కమిషన్ ఉండదా?

ప్రశ్న, కుదించి: "అమెరికాలో మన ఎలక్షన్ కమిషన్ లాంటిది లేదట, టీవీ వాళ్ళే ఫలానా ఆయన గెలిచాడని చెప్పేస్తారట, నిజమేనా? లెక్కింపు పూర్తి కాకుండానే ఎలా చెప్తారు? 2020లో నాలుగు రోజులు పట్టింది, 2024లో తెల్లారేసరికి తేలిపోయింది, ఎందుకు? రాత్రి ముందున్నవాడు మర్నాటికి వెనకబడితే మోసం జరిగినట్టు కాదా? సర్వేలు కూడా ఎప్పుడూ తప్పుతాయెందుకు?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు మిగతాది చదువుకోండి. దేశం మొత్తానికి ఓట్లు లెక్కపెట్టి ఫలితం ప్రకటించే సంస్థ అమెరికాలో లేదు, అది నిజం. టీవీ వాళ్ళు చెప్పేది ఫలితం కాదు, లెక్క. "మిగిలిన ఓట్లన్నీ లెక్కపెట్టినా వెనకున్నవాడు ఇక అందుకోలేడు" అని వాళ్ళకి నమ్మకం కుదిరినప్పుడు చెప్పేస్తారు. దానికి చట్టం దృష్టిలో పూచికపుల్ల విలువ కూడా లేదు. అసలు ఫలితం వారాల తర్వాత కౌంటీలు, రాష్ట్రాలు సంతకాలు పెట్టి పంపిస్తే వస్తుంది. రాత్రి లీడింగ్ పొద్దున్నకి మారడానికి అసలు కారణం ఏ రాష్ట్రంలో ఏ కవర్లు ఎప్పుడు తెరవొచ్చో చెప్పే చట్టం. మోసం అనుకునే ముందు ఆ చట్టం చూడాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2000లో చదువుకోడానికి వచ్చాను, 2014లో పౌరసత్వం వచ్చింది, పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటాం. 2016 నుంచి దాదాపు ప్రతి ఎన్నికకీ మా ఊరి పోలింగ్ బూత్‌లో పనిచేస్తున్నాను. దాంతోపాటు కొన్నేళ్ళు ఒక సర్వే కంపెనీలో డేటా చూసే ఉద్యోగం చేశాను. అంటే ఓటు వేసే చోటా ఉన్నాను, ఓటు ఎటు పడుతుందో ఊహించే చోటా ఉన్నాను. రెండో చోట చేసిన తప్పు ఒకటుంది, కింద చెప్తాను.

కమిషన్ ఉంది కానీ అది డబ్బు లెక్కలు చూసేది

ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని పేరు వినగానే మనవాళ్ళు మన ఎన్నికల సంఘం అనుకుంటారు. కాదు. అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ గొడవ తర్వాత 1974లో చేసిన చట్టంతో పుట్టింది. అభ్యర్థులకి విరాళాలు ఎవరిచ్చారు, ఎంత ఖర్చుపెట్టారు అని చూడటమే దాని పని. చట్టం ప్రకారం ఆరుగురు సభ్యులు, ఒకే పార్టీ వాళ్ళు ముగ్గురికి మించకూడదు, ఏం చెయ్యాలన్నా నాలుగు ఓట్లు కావాలి. కాబట్టి చాలాసార్లు ముగ్గురు ఇటు, ముగ్గురు అటు కూర్చుని ఏమీ తేలదు. వాళ్ళు ఒక్క బ్యాలెట్ పేపరు కూడా ముట్టుకోరు.

ఎన్నిక నడిపేది కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, దేశంలో మూడు వేలకు పైగా ఉన్నాయి, ఒక్క పెన్సిల్వేనియాలోనే 67. ఓటు యంత్రాలు కొనేది కౌంటీ, బూత్ ఎక్కడ పెట్టాలో చూసుకునేది కౌంటీ, లెక్కపెట్టేది కౌంటీ. రాష్ట్రానికో చట్టం. మన దగ్గర కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా ఒకటే ఈవీఎం, ఒకే రోజు కౌంటింగ్, రిటర్నింగ్ ఆఫీసరు డిక్లరేషన్ ఫారం చేతికిచ్చాక పూలదండలు. ఇక్కడ పక్క రాష్ట్రంలో పద్ధతికీ మా పద్ధతికీ పొంతన ఉండదు. ఇదంతా గందరగోళం కదా అంటే, గందరగోళమే. కానీ ఒక లాభం ఉంది, ఎవడో ఒకడు ఒక చోట కూర్చుని మొత్తం మార్చెయ్యడానికి "ఒక చోటు" అంటూ లేదు.

మా బూత్‌లో ఎలా ఉంటుందో చెప్తే మీకే అర్థమవుతుంది. పొద్దున్న ఏడింటికి తలుపులు తీస్తాం, కానీ మేం ఆరింటికే అక్కడుండాలి. స్కానర్ యంత్రం ఆన్ చెయ్యగానే ముందు ఒక చీటీ ప్రింటవుతుంది, ప్రతి అభ్యర్థి పేరు ఎదురుగా సున్నా, సున్నా, సున్నా అని. దాని మీద మేమందరం సంతకాలు పెడతాం. రాత్రి ఎనిమిదింటికి మూసేశాక అదే యంత్రం ఇంకో చీటీ ఇస్తుంది, సూపర్ మార్కెట్ బిల్లులాగా బారెడు పొడవు వస్తుంది. దాని కాపీ ఒకటి తలుపుకి అంటిస్తాం, దారినపోయేవాడు ఎవరైనా ఫోటో తీసుకోవచ్చు. మా బూత్ పెద్దని జడ్జి ఆఫ్ ఎలక్షన్స్ అంటారు. పేరు చూసి కోర్టు జడ్జి అనుకోకండి, మా ఊరివాళ్ళే నాలుగేళ్ళకోసారి ఓటేసి ఎన్నుకునే పదవి అది. మా జడ్జి రిటైరైన స్కూలు టీచరమ్మ. ఆవిడ కింద రెండు పార్టీల తరఫునా ఒక్కో ఇన్‌స్పెక్టర్ ఉంటారు.

ఒకసారి ఏమైందంటే, రాత్రి మూసేశాక పుస్తకంలో సంతకాలు పెట్టినవాళ్ళూ మేం ఇచ్చిన బ్యాలెట్లూ లెక్క చూస్తే ఒక బ్యాలెట్ ఎక్కువ ఖర్చయినట్టు వచ్చింది. ఒక్కటి. టీచరమ్మ ఎవర్నీ కదలనివ్వలేదు. పొద్దున్నుంచి తిన్నది రెండు ముక్కల పిజ్జా, కాళ్ళు లాగేస్తున్నాయి, నలభై నిమిషాలు వెతికాం. చివరికి తేలిందేంటంటే, మధ్యాహ్నం ఒకాయన తప్పు గడి నింపి కొత్త బ్యాలెట్ అడిగి తీసుకున్నాడు, పాడైనదాన్ని కవర్లో వేశాం గానీ షీటు మీద రాయడం మర్చిపోయాం. మర్చిపోయింది నేనే. ఆ ఒక్క గీత గీసి సంతకం పెట్టాక గానీ ఆవిడ మెమరీ స్టిక్ ఉన్న సంచీకి సీలు వెయ్యలేదు. "రాత్రికి రాత్రే వేల ఓట్లు కలిపేశారు" అని ఎవరైనా అంటే నాకు ఆ నలభై నిమిషాలే గుర్తొస్తాయి.

మరి టీవీ వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

కౌంటీ కౌంటీకీ విడివిడిగా వచ్చే లెక్కల్ని ఎవరో ఒకరు కూడాలి కదా. ఆ పని అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ 1848 నుంచి చేస్తోంది. దాన్ని ఇక్కడ ఏపీ అంటారు, మా అమ్మ మొదటిసారి "ఏపీ వాళ్ళు చెప్పారు" అని విని మన ఆంధ్రావాళ్ళకి ఇక్కడి సంగతులేం తెలుసే అంది. కౌంటీ ఆఫీసుల దగ్గర వాళ్ళ మనుషులు వేల మంది ఉంటారు, నంబర్లు ఫోన్లో చెప్తుంటారు, ఇంకోపక్క వెబ్‌సైట్ల నుంచి కూడా తీసుకుంటారు. 2020, 2024 ఎన్నికల్లో పెద్ద టీవీ ఛానెళ్ళలో కొన్నిటికి కలిపి వేరే ఏర్పాటుండేది, ఎడిసన్ రీసెర్చ్ అనే సంస్థ వాళ్ళకి ఎగ్జిట్ పోల్ చేసి, లెక్కలు ఇచ్చింది. ప్రతి ఛానెల్‌కీ డెసిషన్ డెస్క్ అని విడిగా ఒక గది, లెక్కలవాళ్ళు. తెర మీద కనిపించే యాంకర్లకి దాంతో సంబంధం ఉండకూడదు, కనీసం పద్ధతి ప్రకారం.

లెక్క ఎలా ఉంటుందంటే, ఊరికే ఉదాహరణకి చెప్తున్నాను, ఒక రాష్ట్రంలో ఒకాయన లక్షా ఇరవై వేల ఆధిక్యంలో ఉన్నాడు, ఇంకా లెక్కపెట్టాల్సినవి లక్షన్నర ఉన్నాయి. వెనకున్నాయన అందుకోవాలంటే ఆ లక్షన్నరలో నూటికి తొంభై ఆయనకే పడాలి. ఆ మిగిలిన ఓట్లు ఏ కౌంటీవి, ఏ రకంవి అని చూస్తారు. అదే కౌంటీలో అదే రకం ఓట్లలో ఇప్పటిదాకా ఆయనకి డెబ్భై శాతమే వచ్చిందనుకోండి, ఇక అయిపోయింది, ప్రకటించేస్తారు. మన దగ్గర పాతిక రౌండ్లలో ఇరవయ్యో రౌండ్ అయ్యేసరికి ఓడినాయన మెల్లగా కౌంటింగ్ హాల్లోంచి వెళ్ళిపోతాడు చూడండి, అదే లెక్క, కాకపోతే ఇక్కడ అంకెలతో చేస్తారు.

కాలిఫోర్నియా లాంటి చోట్ల ఒక్క ఓటు కూడా లెక్కపెట్టకుండానే పోలింగ్ ముగిసిన నిమిషంలో ప్రకటిస్తారు. అది చూసి మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. అక్కడ అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ (ట్రంప్ పార్టీ) గెలిచి ముప్పై ఏళ్ళు దాటింది, చివరిసారి 1988లో. ఓటర్ల మీద చేసిన సర్వే కూడా అదే చెప్తుంటే ఆగడానికి కారణం లేదు. విచిత్రమేంటంటే అదే కాలిఫోర్నియాలో అసలు లెక్కింపు మాత్రం వారాలు సాగుతుంది. ఎన్నిక రోజు పోస్టులో వేసిన బ్యాలెట్ ఆ తర్వాత ఏడు రోజుల్లోపు చేరినా చెల్లుతుంది అక్కడ. అధ్యక్ష పదవికి ఇబ్బంది లేదు, తేడా లక్షల్లో ఉంటుంది. ప్రతినిధుల సభ సీట్లు కొన్ని మాత్రం నెలాఖరు దాకా వేలాడతాయి.

వాళ్ళూ బోల్తా పడ్డారు, మామూలుగా కాదు

నేను ఈ దేశం వచ్చిన మూడు నెలలకే చూశాను. 2000 నవంబరు 7, యూనివర్సిటీ హాస్టల్ కామన్ రూమ్, చలికి కొత్త, టీవీలో ఏం జరుగుతోందో సగమే అర్థమవుతోంది. రాత్రి ఎనిమిది కాకముందే ఫ్లోరిడా డెమోక్రాట్ అల్ గోర్‌దే అన్నారు. ఆ రాష్ట్రంలో పడమటి భాగం వేరే టైమ్ జోన్‌లో ఉంటుంది, అక్కడ ఇంకా ఓటు వేస్తూనే ఉన్నారు! పది గంటల ప్రాంతంలో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. అర్ధరాత్రి దాటాక, రెండుంబావుకి ఫాక్స్ న్యూస్ రిపబ్లికన్ బుష్ గెలిచాడంది, నిమిషాల్లో మిగతా ఛానెళ్ళన్నీ వెనకే పరుగెత్తాయి. గోర్ బుష్‌కి ఫోన్ చేసి ఓటమి ఒప్పుకుని, ఆ మాట జనానికి చెప్పడానికి కారెక్కి వెళ్ళాడు. దారిలో తెలిసింది తేడా కరిగిపోతోందని. మళ్ళీ ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నాడు. నాలుగింటికి ఛానెళ్ళు కూడా వెనక్కి తీసుకున్నాయి. నా రూమ్మేట్ వరంగల్ అబ్బాయి, "మన దూరదర్శనే నయం రా" అని పడుకోడానికి వెళ్ళిపోయాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి డిసెంబరు 12న గానీ తేలలేదు, అరవై లక్షల ఓట్ల రాష్ట్రంలో చివరి తేడా 537. ఆ రాత్రి ఫ్లోరిడాని బుష్‌కి ఇవ్వకుండా ఆగింది అసోసియేటెడ్ ప్రెస్.

అప్పటి తప్పులో ముఖ్యమైంది ఛానెళ్ళన్నీ ఒకే సంస్థ లెక్కల మీద ఆధారపడటం, దాంతోపాటు పక్కవాడి కంటే ముందు చెప్పాలన్న ఆత్రం. ఆ ఉమ్మడి సంస్థని 2003 మొదట్లో మూసేశారు. 2020 నాటికి కనీసం రెండు వేర్వేరు లెక్కలు నడుస్తున్నాయి కాబట్టి ఆ ఏడాది ఒక వింత జరిగింది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అరిజోనా రాష్ట్రం డెమోక్రాట్ బైడెన్‌ది అని ఫాక్స్ న్యూస్ ఎన్నిక రాత్రే చెప్పేసింది, కొన్ని గంటల తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ కూడా. మిగతావాళ్ళు వారం పైగా ఆగారు. దాంతో ఎలక్టర్ల లెక్కలో (ఎలక్టర్లంటే ప్రతి రాష్ట్రం తరఫునా అధ్యక్షుడికి ఓటేసే ప్రతినిధులు, 270 మంది వస్తే గెలుపు) ఒక ఛానెల్ పెడితే బైడెన్ 264, ఇంకోటి పెడితే 253. ఊళ్ళోంచి మా బావగారు ఫోన్ చేసి "ఏ ఛానెల్‌ది నిజం?" అంటారు. రెండూ నిజమే బావగారూ, ఒకళ్ళకి నమ్మకం ముందు కుదిరింది, ఒకళ్ళకి తర్వాత కుదిరింది. చివరికి అరిజోనాలో తేడా 10,457 ఓట్లు. ప్రకటన నిలబడింది గానీ, అంత త్వరగా చెప్పాల్సింది కాదని ఇప్పటికీ ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది అంటారు. నేనూ అదే అంటాను.

2020లో నాలుగు రోజులు ఎందుకు పట్టింది, ఆ లీడింగ్ ఎందుకు మారింది

మీ ప్రశ్నలో అసలు ముల్లు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా.

పెన్సిల్వేనియాలో కారణం చెప్పకుండా ఎవరైనా పోస్టులో ఓటు వేసుకోవచ్చని 2019లో చట్టం చేశారు. మర్నాడే కరోనా వచ్చినట్టయింది. 2020లో 26 లక్షల పోస్టల్ ఓట్లు వచ్చాయి. కానీ మా రాష్ట్ర చట్టంలో ఇంకో మాట ఉంది, ఎన్నిక రోజు పొద్దున్న ఏడింటికి ముందు ఒక్క కవరు కూడా తెరవకూడదు. ఫ్లోరిడాలో వారాల ముందే తెరిచి, సరిచూసి, స్కాన్ చేసి పెట్టుకోనిస్తారు, పోలింగ్ అయిపోగానే బటన్ నొక్కితే అంకె వస్తుంది. మా దగ్గర అలా కాదు. పోస్టల్ ఓటు అంటే ఒక కాగితం కాదు, కవరులో కవరు. బయటి కవరు మీద సంతకం, తేదీ ఉన్నాయా చూడాలి, కోసి లోపలి కవరు తియ్యాలి, పేర్లూ ఓట్లూ కలిసిపోకుండా వాటిని పక్కన పెట్టాలి, అప్పుడు లోపలిది కోసి, మడతపెట్టిన కాగితం సాపు చేసి, స్కానర్లో పెట్టాలి. లోపలి కవరు లేకుండా నేరుగా కాగితం పెట్టి పంపితే చెల్లదు, ఇక్కడ దాన్ని నేకెడ్ బ్యాలెట్ అంటారు. ఒక్క ఫిలడెల్ఫియా నగరానికే మూడున్నర లక్షలకు పైగా వచ్చాయి ఇలాంటివి, కన్వెన్షన్ సెంటర్లో పెద్ద హాలు తీసుకుని రాత్రింబగళ్ళు చేశారు.

ఇక రెండోది. పోస్టల్ ఓటు నమ్మొద్దని ట్రంప్ నెలల తరబడి చెప్పారు, కాబట్టి ఆయన ఓటర్లు చాలామంది బూత్‌కి వచ్చి వేశారు. మా బూత్‌లోనే కళ్ళారా చూశాను, ఆ రోజు పొద్దున్న లైను ఫైర్ స్టేషన్ చుట్టూ తిరిగింది. డెమోక్రాట్లు కరోనా భయంతో ఇంట్లో కూర్చుని పోస్టు చేశారు. బూత్ ఓట్లు ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా వచ్చేస్తాయి. పోస్టల్ ఓట్లు రోజులు పడతాయి. అందుకే రాత్రి ట్రంప్ మా రాష్ట్రంలో ఏడు లక్షలకు దగ్గరగా ఆధిక్యంలో ఉండి, శుక్రవారానికి వెనకబడ్డారు. పోస్టల్ ఓట్లలో నాలుగింట మూడు వంతులు బైడెన్‌వి, చివరి తేడా 80,555. ఇలా జరుగుతుందని ఎన్నికకి ముందే పత్రికలు రాశాయి, మేం బూత్ ట్రైనింగ్‌లో కూడా మాట్లాడుకున్నాం.

అయినా మోసం అనేవాళ్ళతో నేను వాదించను, కానీ జరిగినవి చెప్తాను. అరవైకి పైగా కేసులు వేశారు, ఫలితం మార్చేది ఒక్కటీ నిలబడలేదు. జార్జియా రాష్ట్రంలో సుమారు యాభై లక్షల కాగితం బ్యాలెట్లనీ చేత్తో మళ్ళీ లెక్కపెట్టారు, గెలిచినవాడు మారలేదు, చివరి తేడా 11,779. యంత్రాలు ఓట్లు మార్చేశాయని ప్రసారం చేసినందుకు ఫాక్స్ న్యూస్ 2023లో ఆ యంత్రాల కంపెనీ డొమినియన్‌కి 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది.

2024లో ఎందుకు త్వరగా తేలింది? మా రాష్ట్రంలో ఏడు గంటల నిబంధన ఇంకా అలాగే ఉంది. కాకపోతే పోస్టల్ ఓట్లు తగ్గాయి, ఈసారి రిపబ్లికన్లు కూడా పోస్టులో వెయ్యమని ప్రచారం చేశారు, పైగా రాష్ట్రం ఇచ్చే డబ్బు తీసుకున్న కౌంటీలు ఆపకుండా లెక్కపెట్టాలని 2022లో కొత్త చట్టం వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, తేడా పెద్దది, లక్షా ఇరవై వేలు. తేడా పెద్దదైతే లెక్క త్వరగా తెగుతుంది, అంతే. అసోసియేటెడ్ ప్రెస్ విస్కాన్సిన్ రాష్ట్రంతో 270 దాటించి ట్రంప్ గెలుపు చెప్పినప్పుడు ఇక్కడ తెల్లవారుజామున 5:34, మీకు సాయంత్రం నాలుగు. కొన్ని ఛానెళ్ళు అంతకుముందే చెప్పాయి. ఆ రాత్రి విజయవాడ నుంచి మా పిన్ని "మన అల్లుడు గెలిచాడా?" అని మూడుసార్లు ఫోన్ చేసింది. ట్రంప్‌తో ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్ భార్య ఉషా చిలుకూరి మన పిల్ల కాబట్టి ఆయన మన అల్లుడు. మరి ట్రంప్ మీద పోటీ చేసిన హారిస్ వాళ్ళమ్మ చెన్నై కదా పిన్నీ అంటే, "పక్క రాష్ట్రం సంగతి మనకెందుకు" అంది.

చట్టం ప్రకారం ఆ తర్వాత జరిగేది ఇది. కౌంటీలు సరిచూసి సంతకం పెడతాయి, రాష్ట్రాలు ధ్రువీకరిస్తాయి, డిసెంబరు మధ్యలో ఎలక్టర్లు తమ తమ రాష్ట్రాల్లో ఓటేస్తారు, జనవరి 6న కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఆ ఓట్లు లెక్కపెడుతుంది. అక్కడ ఉపాధ్యక్షుడిది కవర్లు తెరిచే పని మాత్రమే అని 2022లో చట్టంలో స్పష్టంగా రాశారు, 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనంలోకి చొరబడిన గొడవ తర్వాత. మొత్తం ఎలక్టర్లు 538. మెయిన్, నెబ్రాస్కా తప్పిస్తే ఏ రాష్ట్రంలోనైనా ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడికి మొత్తం ఎలక్టర్లూ వెళ్తారు. అందుకే 2016లో హిల్లరీకి దేశం మొత్తం మీద 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చినా మూడు రాష్ట్రాల్లో కలిపి 78 వేల ఓట్ల తేడాతో పోయింది.

ఇక సర్వేలు. ఇక్కడ నా తప్పు కూడా ఉంది

1997లో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు ఫోన్ సర్వే చేస్తే నూటికి 36 మంది మాట్లాడేవాళ్ళు. 2018కి అది ఆరుకి పడిపోయింది. తెలియని నంబరు వస్తే మీరు ఎత్తుతారా? ఎవరూ ఎత్తరు. ఎత్తే ఆ కొద్దిమందీ అందరిలాంటి వాళ్ళు కాదు, కాస్త తీరిక, చదువు, రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు. దాన్ని సరిచెయ్యడానికి వెయిటింగ్ అని చేస్తాం. ఒక ఊళ్ళో వందకి అరవై మంది డిగ్రీ లేనివాళ్ళు, కానీ మాతో మాట్లాడిన వందలో వాళ్ళు నలభై మందే అనుకోండి. అప్పుడు వాళ్ళలో ఒక్కొక్కర్నీ ఒకటిన్నర మందిగా లెక్కెయ్యాలి, డిగ్రీ ఉన్నవాళ్ళని ముప్పాతిక కంటే తక్కువగా.

2016లో నేను పనిచేసిన చోట రాష్ట్రాల సర్వేల్లో వయసు, ఆడా మగా, జాతి, ప్రాంతం అన్నీ సరిచేశాం గానీ చదువు సరిచెయ్యలేదు. నేను ఒకసారి అడిగాను కూడా, డిగ్రీవాళ్ళు మరీ ఎక్కువగా ఉన్నారు కదా అని. "ఇన్నేళ్ళుగా దానివల్ల తేడా రాలేదు, ఇప్పుడెందుకు కెలకడం" అన్నారు, నేనూ సరే అనుకుని ఫైలు పంపించేశాను. నిజంగానే అంతకుముందు తేడా అంతగా వచ్చేది కాదు, ఎందుకంటే డిగ్రీ ఉన్న, లేని తెల్లవాళ్ళ మధ్య ఓటు అంతగా చీలేది కాదు. ఆ ఏడాది చీలింది, అదీ మిడ్‌వెస్ట్ అనే ఉత్తర మధ్య రాష్ట్రాల్లో. మా అంకెలు చాలా పాయింట్లు పక్కకి పోయాయి. మేం ఒక్కళ్ళమే కాదు, తర్వాత ఈ వృత్తి సంఘం వేసిన కమిటీ కూడా చాలా రాష్ట్రాల సర్వేల్లో ఇదే లోపం అని తేల్చింది. దేశం మొత్తం మీద చేసిన సర్వేలు మాత్రం ఆ ఏడాది దాదాపు సరిగ్గానే ఉన్నాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

2020లో చదువు సరిచేశారు. అయినా తప్పింది, దేశవ్యాప్త సర్వేల్లో నలభై ఏళ్ళలో అంత పెద్ద తప్పు రాలేదు. ఈసారి సమస్య అంకెలతో సరిచేసేది కాదు. ఒకే వయసు, ఒకే చదువు, ఒకే ఊరు ఉన్న ఇద్దరిలో ట్రంప్‌కి వేసేవాడు సర్వే వాళ్ళతో మాట్లాడటమే మానేస్తే మీరేం వెయిట్ వేస్తారు? దీనికి ఇప్పటికీ పూర్తి మందు లేదు. కొందరు "పోయినసారి ఎవరికి వేశారు" అని అడిగి దాన్నిబట్టి సరిచేస్తున్నారు. 2024లో తప్పు తగ్గింది, కానీ అటువైపే ఉంది, అంటే ట్రంప్‌కి తక్కువే చూపించాయి. ఆ ఏడాది ఎన్నికకి మూడు రోజుల ముందు అయోవా రాష్ట్రంలో ఎంతో పేరున్న ఒక సర్వే హారిస్ మూడు పాయింట్లు ముందుందని చెప్పింది, ట్రంప్ పదమూడుతో గెలిచారు. పాత పద్ధతి, మంచి పేరు, అయినా ఒక్కటంటే ఒక్క సర్వే మీద ఆశ పెట్టుకోకూడదు. ఇదంతా చదివి అమెరికావాళ్ళని చూసి నవ్వే ముందు మన 2024 లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్ గుర్తుచేసుకోండి, ఎన్డీఏకి 350 పైన అన్నారు, వచ్చింది 293.

సర్వే చదివేటప్పుడు ఒక్క సంగతి పట్టుకోండి. "ప్లస్ ఆర్ మైనస్ 3" అని రాస్తారు కదా, అది ఒక్కో అభ్యర్థి అంకె మీద. ఇద్దరి మధ్య తేడా మీద అయితే ఇంచుమించు దానికి రెట్టింపు. అంటే 48, 46 అని వస్తే "రెండు పాయింట్ల ఆధిక్యం" అని హెడ్‌లైన్ పెట్టడమే తప్పు, ఎవరు ముందున్నారో ఆ సర్వేకి తెలీదు. హెడ్‌లైన్ రాసేవాడికి ఆ మాట రాస్తే ఎవరూ చదవరని భయం.

ఇంకొకటి. ప్రతి ఎన్నికకీ వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగువాళ్ళలో ఇన్ని శాతం ఫలానా పార్టీకి" అని పోస్టులు తిరుగుతాయి. మామూలు సర్వేలో వెయ్యి మంది ఉంటారు. దేశ జనాభాలో భారతీయులు నూటికి ఒకటిన్నర, అందులో ఓటు హక్కు ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. వెయ్యిలో పది, పన్నెండు మంది తగిలితే ఎక్కువ, అందులో తెలుగువాళ్ళు ఒకళ్ళో ఇద్దరో. ఆ ఇద్దరిలో ఒకరు మా ఆవిడలాంటి మనిషైతే ఫోన్ పెట్టేసి ఉంటుంది. భారతీయుల మీద ప్రత్యేకంగా చేసే సర్వేలు ఉన్నాయి, అవి వేరు, వాటిని కాస్త పట్టించుకోవచ్చు. మిగతావి ఎవరో సోఫాలో కూర్చుని వేసిన అంకెలు.

మీరు అడగలేదు గానీ, ఇది ఇక్కడున్న మన పిల్లలు చదువుతారని రాస్తున్నాను. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో "ఓటరుగా నమోదు చేసుకుంటారా?" అని యంత్రంలాగా అడగొచ్చు, పౌరులు కానివాళ్ళని కూడా. హెచ్1బీ అయినా, గ్రీన్ కార్డు అయినా, వద్దు అనే చెప్పాలి. పౌరుడినని టిక్ పెట్టి సంతకం చేస్తే, తెలియక చేసినా సరే, ఇమిగ్రేషన్‌లో చాలా పెద్ద చిక్కు, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్ళొచ్చు. ఒక ఎన్నికలో మా టేబుల్ దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, తెలుగే, కౌంటీ నుంచి ఓటరు కార్డు ఇంటికి వచ్చింది, ఓటెయ్యొచ్చా అన్నాడు. పౌరసత్వం ఉందా బాబూ అంటే గ్రీన్ కార్డు అండీ అన్నాడు. ఓటెయ్యకుండా ఇంటికెళ్ళి రేపే లాయర్ని కలవమన్నాను. తలూపి, ఆ ఓటరు కార్డు మడిచి జేబులో పెట్టుకుని, బయట పార్టీ కార్యకర్తలిచ్చే కరపత్రాలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.